సంక్రాంతికి కుటుంబమంతా శ్రీలంక సముద్రతీరంలో కలుసుకోవాలన్న ఆలోచన: మీ సలహా కావాలి

సత్యనారాయణపురం కోడలు, విజయవాడ:

అందరికీ నమస్కారం. నెల రోజులుగా మా ఇంట్లో తేలకుండా ఉన్న ఒక విషయాన్ని మీ ముందు పెడుతున్నాను. ఇలాంటి అనుభవం ఉన్నవారు, సంప్రదాయం తెలిసినవారు తమ మాట చెబితే మాకు మేలు చేసినవారవుతారు.

మా అత్తగారు, మామగారు మాతోనే ఉంటారు. బావగారి కుటుంబం మెల్‌బోర్న్‌లోనూ, ఆడపడుచు కుటుంబం దోహాలోనూ స్థిరపడ్డాయి. పిల్లలతో కలిపి మొత్తం పదమూడు మందిమి. మూడేళ్ల క్రితం పెద్ద పండుగకు అందరూ వచ్చారు గానీ, మాది రెండు పడకగదుల ఫ్లాటు కావడంతో బావగారివాళ్లు గుంటూరులో తోడికోడలి పుట్టింట్లోనూ, ఆడపడుచు వాళ్లు హోటల్లోనూ దిగవలసివచ్చింది. ఆ ఐదు రోజుల్లో పదమూడు మందిమీ ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేసింది ఒక్క పూట. వాళ్లు విమానం ఎక్కిన రాత్రి అత్తగారు, "వచ్చారన్న మాటే గానీ, చూసుకున్నట్టు లేదు" అన్నారు. ఆ మాట మా వారికీ నాకూ ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఈసారి బావగారు ఒక ప్రతిపాదన చేశారు. ఆస్ట్రేలియాలో జనవరి వేసవి సెలవుల నెల. మెల్‌బోర్న్ నుంచీ, దోహా నుంచీ కొలంబోకు నేరుగా విమానాలున్నాయి. మాకు చెన్నై నుంచి గంటన్నర ప్రయాణం. బెంటోట ప్రాంతంలో సముద్రానికి దగ్గరగా, వంటగది ఉన్న పెద్ద ఇల్లు ఒకటి వారం రోజులకు అద్దెకు తీసుకుని, భోగి నుంచి ముక్కనుమ దాకా అందరం ఒకే కప్పు కింద ఉందామని ఆయన ఆలోచన. పిల్లలు ఎగిరి గంతేశారు.

అత్తగారి అభ్యంతరం ఒక్కటే, కానీ దానికి నా దగ్గర జవాబు లేదు. "ఏడాదికొక్క పెద్ద పండుగ. ఆ రోజున గడపకు తాళమా?" అని అడుగుతున్నారు. నెల పట్టినప్పటి నుంచి మా గుమ్మం ముందు ముగ్గు తప్పదు. మా వీధికి ఇప్పటికీ హరిదాసు వస్తాడు. ఆయన తలమీది పాత్రలో బియ్యం పోయడం మా అమ్మాయి వంతు. నెల్లాళ్లు మన గుమ్మం ముందు నిలబడినవాడు పండుగ నాడు వచ్చి తాళం చూసి వెళ్లిపోతే, ఆ నెల్లాళ్లూ పోసిన బియ్యానికి విలువేముందన్నది ఆవిడ బాధ.

మామగారు అభ్యంతరమేమీ చెప్పలేదు, అసలు మాట్లాడనే లేదు. ఆయనది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు ఆయనకు ఇరవై ఆరేళ్లు. తల్లినీ, తమ్ముణ్నీ అప్పుడే పోగొట్టుకున్నారు. మేము పిల్లల్ని సూర్యలంకకో, మంగినపూడికో తీసుకువెళ్లినా ఆయన ఇంట్లోనే ఉండిపోతారు. సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెట్టుకునేటప్పుడు తల్లికి చీర, తమ్ముడికి పంచె తప్పకుండా పెడతారు. అటువంటి మనిషిని పండుగ పేరు చెప్పి సముద్రం పక్కన వారం రోజులు ఉంచడం న్యాయమేనా? గడప సంగతి ఎలా సర్దుకోవాలి? అక్కడ భోగిమంట, భోగిపళ్లు, పొంగలి వంటివి ఎంతవరకు సాధ్యం?


బ్రాడీపేట వాసి, గుంటూరు:

అమ్మా, 2023 సంక్రాంతికి మేము పదకొండు మందిమి థాయిలాండ్‌లోని ఫుకెట్‌కు వెళ్లాం. జనవరిలో అక్కడ వానలుండవు, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అంతవరకు మా ఎంపిక సరైనదే. మేము తప్పు చేసింది బస దగ్గర. పెద్ద రిసార్టులో ఐదు గదులు తీసుకున్నాం. అవి మూడు వేర్వేరు భవనాల్లో వచ్చాయి. వంటగది లేదు. భోగి నాటి ఉదయానికే దీవులు చూసే పడవకు టికెట్లు కొని ఉంచడం వల్ల, తెల్లవారుజామున నా భార్య చంటిపిల్లకు తలంటు పోయడానికి నీళ్లు తోడుతుంటే అవతల పడవ మనిషి ఫోన్ల మీద ఫోన్లు. ఆ రోజున భోగిపళ్లు పోయనేలేదు. మరునాడు సాయంత్రం పోశాం గానీ మా అమ్మ ముఖంలో తృప్తి కనపడలేదు. మీ బావగారు ఒకే ఇల్లు, అదీ వంటగదితో చూడటం చాలా మంచి ఆలోచన. భోగి, సంక్రాంతి రెండు రోజులూ ఎటువంటి టికెట్లూ కొనవద్దని మాత్రం ముందే గట్టిగా చెప్పండి.

సామాను గురించి మాకు తెలియక పడిన ఇబ్బంది మీకు రాకూడదని రాస్తున్నాను. కర్పూరం త్వరగా మండే పదార్థం కాబట్టి విమానంలోకి అనుమతించరు. అగ్గిపెట్టెలను పెట్టెలో పెట్టకూడదు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ కనుక దాన్నీ అడ్డుకుంటారు. మా అమ్మ భద్రంగా కట్టుకున్న పూజ మూటను విమానాశ్రయంలో విప్పించి ఈ మూడూ తీసి పక్కన పెట్టినప్పుడు ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. నేతిని చేతిసంచిలో పెడితే ద్రవం కింద లెక్కగట్టి ఆపేస్తారు. రేగిపళ్లు, చెరకు, పువ్వులు పచ్చివి కాబట్టి చాలా దేశాల్లో దిగిన చోట తనిఖీ ఉంటుంది, పిడకల సంగతి చెప్పనక్కరలేదు. అరిసెలు, జంతికలు, చక్రాలు మాత్రం హాయిగా వచ్చాయి. వారం ముందు వండిన అరిసె ఎక్కడికి వెళ్లినా చెడదు.

కనుమ నాటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మా అన్నయ్య కూతుళ్లు సాయంత్రం తడి ఇసుక మీద వేళ్లతో రథం ముగ్గు వేశారు. మన వీధుల్లో ఒక ఇంటి రథం తాడును పక్కింటి రథానికి కలుపుతూ పోతారు కదా, వీళ్లు ఆ తాడును పక్క బసలో దిగిన ఒక థాయ్ కుటుంబం కూర్చున్న చాప దాకా లాగారు. ఆ ఇంటి పెద్దావిడ లేచి వచ్చి, విషయమేమిటో సైగలతోనే కనుక్కుని, తానూ వేలితో ఒక పువ్వు గీసింది. ఆ ఫొటో ఇప్పుడు మా ముందుగదిలో ఉంది.


విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి:

అమ్మా, మీ అత్తగారు అడిగినది చాదస్తం కాదు. పండుగ అంటే మనం చేసుకునేది మాత్రమే కాదు, మన గుమ్మానికి వచ్చేవారికి పెట్టేది కూడా అని ఆవిడ గుర్తు చేస్తున్నారు. కాబట్టి ఆవిడకు చెప్పవలసింది వాదన కాదు, ఏర్పాటు. హరిదాసు ధనుర్మాసమంతా వస్తాడు గనుక, బయలుదేరే ముందు రోజు ఆయన వచ్చినప్పుడు మీ అత్తగారి చేతనే బియ్యం, పప్పు, కూరగాయలు, బెల్లం, గుమ్మడికాయ, ఒక కొత్త వస్త్రం ఇప్పించండి; పండుగ నాటికి ఊళ్లో ఉండటం లేదని ఆయనతో స్వయంగా చెప్పించండి. చెప్పి వెళ్లిన ఇంటికి, చెప్పకుండా తాళం వేసిన ఇంటికి చాలా తేడా ఉంది. పక్కింటివారికి తాళంచెవి ఇచ్చి, ఉదయం గుమ్మం కడిగి ముగ్గు పెట్టి, సాయంత్రం దీపం వెలిగించమని అడగండి. వారికి రేపు మీరూ అదే చేస్తారు. మా చిన్నతనంలో పంటపనుల మీదో, పురుళ్ల మీదో ఊరు వెళ్లిన ఇళ్లకు చుట్టుపక్కలవారే ముగ్గులు పెట్టేవారు.

సముద్రం గురించి. అశ్వత్థవృక్షాన్నీ, సముద్రాన్నీ ఎప్పుడు పడితే అప్పుడు తాకకూడదని, చెట్టును శనివారం నాడు, సముద్రాన్ని పర్వదినాల్లోనే ముట్టుకోవాలని పెద్దల మాట. సంక్రమణం పర్వదినమే కనుక ఆనాటి సముద్రస్నానానికి ఏ అడ్డూ లేదు, పైగా శ్రేష్ఠం. తర్పణాలు విడిచే ఆచారం మీ ఇంట ఉంటే సముద్రతీరంలో నిరభ్యంతరంగా విడవవచ్చు. పెద్దలకు బట్టలు పెట్టుకోవడానికైతే పటాలు, కొత్త బట్టలు, వండిన పొంగలి చాలు. సూర్యుడు మకరంలోకి ప్రవేశించే క్షణం లోకానికంతటికీ ఒకటే అయినా, పుణ్యకాలాన్ని ఉన్నచోటి పగటివేళలను బట్టి చూసుకోవాలి. శ్రీలంక గడియారం మనదీ ఒకటే కావడం వల్ల మీకు ఆ చిక్కు పెద్దగా ఉండదు.

గొబ్బెమ్మలకు పేడ దొరకని చోట పసుపుముద్దతో చేసుకుని పైన ఏ పసుపుపచ్చ పువ్వయినా పెట్టండి. భోగిమంటను ఇసుకలో మీ ఇష్టానికి వెయ్యకండి. ఇంటి యజమాని అనుమతి తీసుకుని, పెరట్లో ఒక మట్టిమూకుడులో నాలుగు పుల్లలు వెలిగించి చుట్టూ నిలబడితే చాలు. ప్రయాణం విషయంలో మాత్రం ఒక మాట పట్టించుకోండి. "కనుమ నాడు కాకి కూడా కదలదు" అన్నారు. భోగికి రెండు రోజుల ముందే చేరుకుని, ముక్కనుమ దాటాకనే తిరుగు టికెట్లు తీసుకోండి. ముసలివారి మనసు ప్రశాంతంగా ఉంటుంది.

మీ మామగారి గురించి నేను తొందరపడి ఏమీ చెప్పలేను. ఉప్పెన తరవాత సహాయానికి వెళ్లినవారిలో నేనూ ఒకణ్ని. అప్పుడు చూసినదాన్ని ఇప్పటికీ మా పిల్లలకు పూర్తిగా చెప్పలేదు. ఆయన మౌనాన్ని అంగీకారమని అనుకోవద్దు, నిరాకరణ అని కూడా అనుకోవద్దు. ఆయన కొడుకు ఒంటరిగా కూర్చుని అడగాలి.


గుంటూరు మనిషి, ప్రస్తుతం కొలంబో:

నేను ఉద్యోగరీత్యా ఇక్కడ ఆరేళ్లుగా ఉంటున్నాను. మీ బావగారు చోటును బాగానే ఎంచుకున్నారు. జనవరిలో ఈ ద్వీపానికి పడమర, దక్షిణ తీరాలు ప్రశాంతంగా ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల వల్ల ట్రింకోమలీ వైపు తూర్పు తీరానికి మాత్రం అప్పుడు వెళ్లవద్దు. ఎవరైనా బాలి అని సలహా ఇస్తే అక్కడ జనవరి వానాకాలమని గుర్తుంచుకోండి. మాల్దీవుల్లో ఎండ బాగుంటుంది గానీ, పూజకు విగ్రహాలు తీసుకురావడాన్ని ఆ దేశపు కస్టమ్స్ నిబంధనలు నిషేధిస్తాయి కనుక పండుగ చేసుకోదలచిన కుటుంబానికి అది తగిన చోటు కాదు.

మనవాళ్లు ఊహించని విషయం ఒకటుంది. మన తీరం తూర్పుముఖం. సూర్యలంకలో సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు. బెంటోట పడమటిముఖం, అక్కడ సూర్యుడు సముద్రంలో అస్తమిస్తాడు. సంక్రాంతి నాడు ఉదయిస్తున్న సూర్యుడికి సముద్రం ఒడ్డున అర్ఘ్యం ఇవ్వాలని మీ అత్తగారి మనసులో ఉంటే, ఇంకా దిగువన ఆగ్నేయదిశకు తిరిగి ఉన్న టంగాల్ల వైపు ఇల్లు చూసుకోండి. అయితే అక్కడ అలల జోరు ఎక్కువ, విమానాశ్రయానికి దూరం కూడా. నా అభిప్రాయంలో చిన్నపిల్లలున్న మీకు బెంటోటే మంచిది. కటునాయక విమానాశ్రయం నుంచి ఎక్స్‌ప్రెస్ రహదారి మీదుగా రెండు గంటలకు అటూ ఇటూగా చేరతారు. దగ్గర్లోని కొస్గొడలో తాబేలు పిల్లలను పొదిగించి సముద్రంలోకి వదిలే కేంద్రాలున్నాయి. పిల్లలతో ఒక సాయంత్రం అక్కడ గడపండి. నిస్సారమైన బీచ్ ఆటల కన్నా అది వాళ్లకు ఎక్కువ కాలం గుర్తుంటుంది. బెంటోటకు దిగువన ఉన్న గాలె పట్టణపు పాత కోటను 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. కొలంబో నుంచి అక్కడికి వెళ్లే రైలు చాలా దూరం సముద్రం అంచునే నడుస్తుంది.

పండుగకు కావలసినవాటికి మీరేమీ మోసుకురావద్దు. మన సంక్రాంతి రోజులకే ఇక్కడి తమిళులు తైపొంగల్ చేసుకుంటారు, ఆ రోజు దేశమంతటికీ సెలవు. దానికి ముందు వారం కొలంబోలోని వెల్లవత్త వీధుల్లో పొంగలి కుండలు, చెరకు గడలు, పసుపు కొమ్ములు, మామిడాకులు కుప్పలుగా పోసి అమ్ముతారు. వచ్చే దారిలో అక్కడ ఆగి కొనుక్కోండి. కొబ్బరికాయలకు కొరత ఉన్న దేశం కాదు. సింహళీయులు కూడా శుభకార్యాలకు కొబ్బరిపాలతో కిరిబత్ అనే పాల అన్నం వండుతారు కాబట్టి, మీరు పొంగలి పెట్టి పక్కింటికి పంపితే వాళ్లకు అది కొత్తగా అనిపించదు. వీసాకు బదులు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి ఉంటుంది. నియమాలు తరచు మారుతున్నాయి గనుక ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూడండి. పాస్‌పోర్టులకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

నీటి దగ్గర జాగ్రత్త గురించి కాస్త వివరంగా చెప్పాలి. అలలు చిన్నవిగా కనిపించినా, ఒడ్డుకు కొట్టిన నీరు తిరిగి లోపలికి పోయే దారిలో బలమైన లాగుడు ఉంటుంది. అందులో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోతారు. తీరానికి సమాంతరంగా కొంత దూరం పక్కకు ఈదితే ఆ లాగుడు నుంచి బయటపడతారు. చేతకాకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఎర్రజెండా ఉన్న రోజున మోకాలి లోతుకు కూడా పోవద్దు. పిల్లల్ని పగడపు దిబ్బల చాటున ఉన్న ఉనవటునలోనో, మాతర దగ్గరి పొల్హేనలోనో దించండి. బెంటోటలో నది సముద్రంలో కలిసే చోట ఈతకు దిగనివ్వకండి.

మీ మామగారి కోసం ఒక సూచన. ఇల్లు మొదటి వరసలో కాకుండా, సముద్రం కనపడకుండా, కొబ్బరితోట వెనక రెండో మూడో వరసలో తీసుకోండి. అలల హోరు రాత్రిపూట గదిలోకి రాకుండా ఉండేంత దూరం ఉండాలి. పిల్లలు నడిచి వెళతారు. ఆయనకు వెళ్లాలనిపిస్తే ఆయనా వెళతారు.


పటమట గృహిణి, విజయవాడ:

అందరూ మంచి మాటలే చెప్పారు. నేను అడిగేది ఒక్కటే: పదమూడు మందికి వారం రోజులు వండేదెవరు? మా కుటుంబంతో ఇలాగే ఒక తీరానికి వెళ్లినప్పుడు, వంటగది ఉన్న ఇల్లని సంబరపడి తీసుకున్నాం. మగవాళ్లు, పిల్లలు సముద్రం నుంచి వచ్చేసరికి మేము ముగ్గురం ఆడవాళ్లం వంట ముగించి గిన్నెల ముందు కూర్చునేవాళ్లం. తిరిగి వచ్చాక లెక్క వేసుకుంటే, మా అత్తగారు సముద్రాన్ని చూసింది రెండు సార్లు. కాబట్టి వంటమనిషిని ఇంటితో పాటే మాట్లాడుకోండి. భోగి నాటి పులగం, సంక్రాంతి పొంగలి, కనుమ నాటి మినపగారెలు ఈ మూడు మాత్రం మీ చేతులతో చేసుకోండి. అందులోనూ గారెల పప్పు రుబ్బడం బావగారికి, మీ వారికి అప్పగించండి. అడిగితే చేస్తారు. మనం అడగకపోవడమే ఎక్కువ.


సత్యనారాయణపురం కోడలు, విజయవాడ:

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పది రోజుల తరవాత మళ్లీ రాస్తున్నందుకు మన్నించండి.

తెనాలి మాస్టారి మాటలను అత్తగారికి ఉన్నవి ఉన్నట్టుగా చదివి వినిపించాను. "చెప్పి వెళ్లిన ఇల్లు" అన్న చోట ఆవిడ మళ్లీ చదవమన్నారు. ఆ సాయంత్రమే ఎదురింటివారితో మాట్లాడి వచ్చారు; ఆ ఇంటి కోడలు ముగ్గు, దీపం తాను చూసుకుంటానంది. హరిదాసుకు ఇవ్వవలసిన వస్త్రం గురించి ఇప్పటి నుంచే ఆలోచిస్తున్నారు. వంటమనిషి మాట బావగారితో నేనే చెప్పాను. ఆయన కొంచెం సేపు మాట్లాడలేదు, తరవాత తోడికోడలిని పిలిచి "గారెల పప్పు నాది" అన్నారట. ఇల్లు రెండో వరసలో, కొబ్బరితోట వెనక దొరికింది. చెన్నై దాకా రైలుకు అరవై రోజుల ముందే రిజర్వేషన్ తెరుస్తారు కనుక ఆ తేదీని క్యాలెండర్‌లో రాసిపెట్టుకున్నాం.

మామగారితో మా వారు ఒక రాత్రి మేడ మీద కూర్చుని మాట్లాడారు. చాలాసేపటికి కిందికి దిగారు. లంకకు రావడానికి ఆయనకు అభ్యంతరం లేదట. కానీ పరాయి దేశపు సముద్రాన్ని చూడటానికి ముందు, కృష్ణమ్మ కలిసే చోట మన సముద్రాన్ని ఒక్కసారి చూడాలని అడిగారట. 1977 తరవాత ఆయన హంసలదీవికి వెళ్లలేదు. తల్లికి పెట్టే చీరను ఈసారి సంక్రాంతి దాకా ఆగకుండా అక్కడికి తీసుకువెళ్లాలన్నారు. నిన్న సాయంత్రం అత్తగారు, ఆయన కలిసి వన్‌టౌన్‌కు వెళ్లి ఆ చీర కొని తెచ్చారు. ముదురాకుపచ్చ రంగు, సన్నని జరీ అంచు. ఆదివారం తెల్లవారుజామున బయలుదేరుతున్నాం.